మన ఊరి బడి: పిల్లల లెక్క, చదువు లెక్క గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి పాయల మధ్య లంక ఊళ్ళలో ముప్పై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ రేవు దగ్గరో, సంతలోనో, పెళ్ళి భోజనాల దగ్గరో కనబడితే చాలు, తల్లిదండ్రులు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒకరికి సగం, ఇంకొకరికి సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తే, జూన్ వచ్చేసరికి పిల్లల్ని ఏ బడిలో వేయాలా అని మథనపడేవాళ్ళకి పనికొస్తుందనిపించింది. అడిగినవాళ్ళు ఎలా అడిగారో ప్రశ్నలు అలాగే పెట్టాను.

మాస్టారండీ, మా చిన్నప్పుడు బడి నిండా పిల్లలుండేవారు. ఇప్పుడు పాతికమంది కూడా లేరేంటండీ?

మొదటి కారణం చాలామందికి తట్టదు. ఊళ్ళో అసలు పిల్లలే తక్కువ పుడుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా ఉన్నంతలో నిలబడాలన్నా 2.1 ఉండాలంటారు. మీ నాన్నగారి తరంలో ఇంటికి నలుగురైదుగురు. ఇప్పుడు ఒకరు, మహా అయితే ఇద్దరు. చిన్న పేటలో ఒక ఏడాదికి ఒకటో తరగతి వయసొచ్చే పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. చుట్టుపక్కల ప్రైవేటు బడి ఒక్కటీ లేదనుకున్నా మన ప్రభుత్వ బడి పాతరోజుల్లోలాగా నిండదు.

రెండోది వలస. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి తల్లులు కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేస్తున్నారు. తండ్రి హైదరాబాదులో ఉంటాడు. పిల్లలేమో అమ్మమ్మగారి ఊరికో మేనత్త ఊరికో చేరతారు. వరిచేలు చేపల, రొయ్యల చెరువులైపోయాక ఊడ్పులూ కోతలూ లేక కుటుంబాలకి కుటుంబాలే కదిలిపోయిన ఊళ్ళు నాకు తెలుసు.

మూడోది ప్రైవేటు బడి పసుపు బస్సు. పొద్దున్న ఏడున్నరకి ఏటిగట్టు మీద నిలబడితే మీకే కనిపిస్తుంది. టై కట్టుకుని, తన ఎత్తున్న సంచీ మోసుకుంటూ ఐదేళ్ళ పిల్ల బస్సెక్కుతుంది. నాలుగు ఊళ్ళు తిరిగి ఆ బస్సు బడికి చేరేసరికి ముప్పావుగంట. ఆ పిల్ల ఇంటికి మన బడి మూడు ఇళ్ళ అవతలే ఉంటుంది.

నాలుగోది 2022లో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించడం. దాని గురించి కింద విడిగా రాశాను.

ఈ నాలుగింటిలో తల్లిదండ్రుల చేతిలో నిజంగా ఉన్నది మూడోదొక్కటే. అందుకే దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

పిల్లలు తగ్గిపోయారంటే అక్కడ చదువు బాగోలేదనే కదండీ?

కాదండి. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే చాలా బళ్ళు పోయాయి.

నేను తొంభైమంది ఉన్న బడిలో చేశాను, పంతొమ్మిదిమంది ఉన్న బడిలోనూ చేశాను. పంతొమ్మిదిమంది ఉన్నచోట ఎవరికి ఏ అక్షరం దగ్గర నోరు తిరగదో నాకు తెలుసు. ఒక పిల్లాడు వరసగా రెండ్రోజులు రాకపోతే మధ్యాహ్నం భోజనాల వేళకి వాళ్ళ వాకిట్లో ఉండేవాణ్ణి. తొంభైమంది ఉన్నచోట అది నావల్ల కాలేదు.

అయితే చిన్న బడికి ఒక రోగముంది, దాన్ని దాచకూడదు. ఉన్నది ఒక్కరే టీచరైతే, ఆయనకి జ్వరం వచ్చినా, మండలంలో మీటింగుకి పిలిచినా ఆ రోజు బడికి తాళం పడ్డట్టే. ఉన్న రోజున కూడా ఒకటి, రెండు తరగతుల్ని ఒక మూల, మూడు, నాలుగు, ఐదుని ఇంకో మూల కూర్చోబెట్టి, వీళ్ళకి లెక్క ఇచ్చి వాళ్ళకి పాఠం, వాళ్ళకి రాత ఇచ్చి వీళ్ళకి పాఠం చెప్పుకోవాలి. నేర్పు, ఓపిక రెండూ ఉన్న టీచరు దీన్ని బాగానే నడుపుతారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకి చెప్పడం అలవాటవుతుంది, అది మంచిదే. కానీ రోజూ అలా నెగ్గుకురావడం ఎవరికైనా కష్టమే.

సంగతేమిటంటే, పిల్లలు తక్కువైనంత మాత్రాన చదువు చెడదు. పిల్లలు తగ్గితే టీచరు పోస్టు పోతుంది, చెడేది అక్కడ. ఐదుగురు బస్సెక్కారనుకోండి, లెక్క గీత దిగువకి పడుతుంది. తర్వాతి సర్దుబాటులో ఒక పోస్టు వేరే ఊరికి పోతుంది. మిగిలిన ఒక్క టీచరు మీద ఐదు తరగతులు పడతాయి. అది చూసి ఇంకో ఐదుగురు బస్సెక్కుతారు. వెళ్ళినవాళ్ళ తప్పని నేననను. ఎవరి బిడ్డ మీద వారికి బెంగ ఉంటుంది. ఉండిపోయే పిల్లలు మాత్రం కూలివాళ్ళ పిల్లలు, తాతమ్మల దగ్గర పెరిగే పిల్లలు. వాళ్ళకి బస్సు ఫీజు కట్టేవాళ్ళుండరు.

ఎంతమంది పిల్లలకి ఎంతమంది టీచర్లు రావాలండీ?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం షెడ్యూలులో ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా లెక్క ఇలా ఉంది: 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే వీళ్ళు కాక ఒక ప్రధానోపాధ్యాయుడు.

ఈ లెక్కని ఇంకోసారి చూడండి. 61 మంది ఉంటే ముగ్గురు, 60 మంది ఉంటే ఇద్దరు. ఒక్క బిడ్డ తేడా. ‘మా ఒక్క పిల్లాడు మారితే ఏమైపోతుంది లెండి’ అని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ అంకెలే చూపిస్తాను.

పోస్టులు సర్దేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వులు తాను ఇస్తుంది, అవి ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి. లెక్క తీసేది మాత్రం యూడైస్‌లో, అంటే దేశంలోని బళ్ళన్నిటి వివరాలు ఎక్కించే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులో ఎక్కిన పేర్లని బట్టే. ఇప్పుడు ప్రతి పిల్లకీ విడిగా నంబరుంటోంది కాబట్టి ఒకే పేరు రెండు బళ్ళలో ఉండటం కష్టం. పాతరోజుల్లో రిజిస్టరు నిండా పేర్లుండి బెంచీల మీద పిల్లలు లేకపోవడం నేనూ చూశాను. అందుకే మీరు బడికెళ్ళి ఒకే ఒక్క అంకె అడగాలనుకుంటే ‘ఎంతమంది చేరారు’ అనొద్దు, ‘నిన్న ఎంతమంది వచ్చారు’ అనండి.

3, 4, 5 తరగతుల్ని హైస్కూల్లో కలిపారు, మళ్ళీ వెనక్కి ఇచ్చారంటున్నారు. అసలేం జరిగింది?

2020 జాతీయ విద్యావిధానం తర్వాత రాష్ట్రంలో బళ్ళని కొత్తగా విడదీశారు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతులు అక్కడికి వెళ్ళాలి, ఊరి బడిలో 1, 2 మాత్రం మిగలాలి. చిన్నప్పట్నుంచే సబ్జెక్టుకొక టీచరు ఉంటే మంచిదన్నది వాళ్ళ ఆలోచన. అందులో న్యాయం లేకపోలేదు.

కాగితం మీద కిలోమీటరు మన డెల్టాలో కిలోమీటరు కాదు. మధ్యలో కాలవుంటుంది, తూము దాటాలి, లారీలు తిరిగే ఏటిగట్టు ఎక్కి దిగాలి. ఎనిమిదేళ్ళ పిల్లని ఒంటరిగా పంపడానికి తల్లికి ధైర్యం చాలదు. ఎలాగూ దూరం పంపాలి కదా, ఇంటిముందుకొచ్చే బస్సే ఎక్కిద్దాం అని చాలామంది అప్పుడే మారిపోయారు. ఊళ్ళో బడి 1, 2 తరగతులతో పదిమంది దగ్గర ఆగింది.

2025లో ఆ జీవోని వెనక్కి తీసుకుని మళ్ళీ కొత్త ఉత్తర్వులిచ్చారు. ఇప్పుడు బళ్ళు తొమ్మిది రకాలు. పిల్లలు బాగా ఉన్నచోట మోడల్ ప్రైమరీ స్కూలు పెట్టి తరగతికొక టీచరుని ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. మీ ఊరి బడి ఏ రకం కింద వచ్చిందో హెడ్మాస్టరుగారినో మండల విద్యాశాఖాధికారినో అడిగి తెలుసుకోండి. మీ బడికి ఎంతమంది టీచర్లు వస్తారన్నది దాన్ని బట్టే ఉంటుంది.

మా బుడ్డోడికి చదువు వస్తోందో లేదో మాకెలా తెలుస్తుందండీ? మేం పెద్దగా చదువుకోలేదు.

నన్ను ఇన్నేళ్ళలో అడిగిన వాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే. మూడో నాలుగో తరగతి దాకా దీన్ని తెలుసుకోవడానికి మీకు డిగ్రీ అక్కర్లేదు. పావుగంట చాలు.

ఒక రోజు రెండో తరగతి పిల్లాడొకడు నా ముందు పాఠం గుక్క తిప్పుకోకుండా చదివాడు. వాళ్ళమ్మ మురిసిపోయింది. నేను వాడి వేలు చూశాను. వేలు ‘చెరువు’ అన్న పదం మీదుంది, నోరు తర్వాతి వాక్యంలో ఉంది. పాఠం మొత్తం వినివిని బట్టీ వచ్చేసింది. పక్కనున్న ఎరువుల బస్తా మీద పేరు చదవమన్నాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. తప్పు వాడిది కాదు, అప్పటిదాకా చూసుకోని మాది.

కాబట్టి పాఠ్యపుస్తకం పెట్టకండి. పేపర్లో పెద్దక్షరాల హెడ్డింగు, పెళ్ళి శుభలేఖ, రేవులో పడవల వేళల బోర్డు, ఏదైనా సరే, ముందు చూడనిది పెట్టండి. వేలు పెట్టి చదవమనండి. వేలూ నోరూ కలిసి నడుస్తున్నాయో లేదో చూడటానికి మీకు చదువు రానక్కర్లేదు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది వత్తుల దగ్గర. ‘చెరువు’ అనగలిగినవాడు ‘కొబ్బరి’ దగ్గర ఆగుతాడు, ‘కొబ్బరి’ దాటినవాడు ‘చంద్రుడు’ దగ్గర ఆగుతాడు. ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకుని టీచరుకి చెప్పండి. ‘మావాడికి చదువు రావట్లేదు’ అనే మాట కంటే ‘మావాడికి రావత్తు పలకడం లేదు’ అనే మాట టీచరుకి పదిరెట్లు పనికొస్తుంది.

లెక్కలకొస్తే, 53 లోంచి 27 తీసేయమనండి. 26 రావాలి. చాలామంది 34 రాస్తారు. 7 లోంచి 3, 5 లోంచి 2 తీసేసి, పెద్దంకె నుంచి చిన్నంకె పోవాలి కదా అనుకుంటారు. 34 వచ్చిందంటే అప్పు తెచ్చుకోవడం ఇంకా బుర్రకెక్కలేదని అర్థం. నోటి లెక్కకైతే మనకి కొబ్బరితోటే ఉంది. పుంజీ అంటే నాలుగు కాయలు. ఆరు పుంజీలు, పైన మూడు కాయలు, మొత్తం ఎన్ని? ఇరవైయేడు అని తడుముకోకుండా చెప్పే పిల్లాడు అదే లెక్క పుస్తకంలో 6 × 4 + 3 అని కనబడేసరికి బిక్కమొహం వేస్తాడు. ఆ రెండూ ఒకటేనని చూపించడమే టీచరు పని.

దేశమంతటా పల్లెల్లో అసర్ అనే సర్వే ఇలాంటి చిన్న పరీక్షలే పెడుతుంది. గ్రామీణ ప్రభుత్వ బళ్ళలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. కోవిడ్ దెబ్బనుంచి తేరుకున్నమాట నిజం. నలుగురిలో ఒకరికి కూడా రావట్లేదన్నదీ నిజమే. ఈ పరీక్ష ప్రైవేటు బడి పిల్లాడికీ పెట్టండి. అక్కడా ఇంగ్లీషు పద్యాలు అప్పజెప్పి తెలుగు మాట కూడబలుక్కునే పిల్లల్ని చాలామందిని చూశాను.

మా హైస్కూలు టెన్త్ రిజల్టు జిల్లా కంటే తక్కువొచ్చింది. మంచి స్కూలు కాదనుకోవచ్చా?

ముందు ఎంతమంది రాశారో అడగండి. 2025 మార్చి పరీక్షల్లో రాష్ట్రంలో 81.14 శాతం పాసయ్యారు. మీ బడిలో 14 మంది రాసి 12 మంది పాసైతే 85.7 శాతం, రాష్ట్రం కంటే పైన. 11 మంది పాసైతే 78.6 శాతం, రాష్ట్రం కంటే కింద. ఈ రెండు బళ్ళకీ తేడా ఒక్క పిల్లాడు. వాడికి పరీక్ష ముందురోజు జ్వరం వచ్చి ఉండొచ్చు, వాళ్ళ నాన్న పోయి ఉండొచ్చు. చిన్న బడిని ఒక్క ఏడాది శాతంతో తూచొద్దు. నాలుగైదేళ్ళ పాస్ ఫెయిల్ అంకెలు వరసగా రాసి చూడండి.

ఏ ఏడాదితో పోలుస్తున్నామన్నదీ చూసుకోవాలి. 2020, 2021ల్లో కోవిడ్ వల్ల పరీక్షల్లేకుండానే అందరినీ పాస్ చేశారు. 2022లో పాసైనవాళ్ళు 67.26 శాతమే, ఎందుకంటే ఆ పిల్లలకి తొమ్మిదో తరగతి సరిగ్గా జరగనే లేదు. 2023లో 72.26, 2024లో 86.69. ఒక్క బడి పెరిగిందా తరిగిందా అనేముందు రాష్ట్రమంతా ఎలా ఊగిందో చూడాలి.

ఇంకొకటి, ఫలితాల్లో తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్ళందరూ ఉన్నారా లేదా అని అడగండి. తొమ్మిదిలో 20 మంది ఉండి పదిలో 14 మందే రాస్తే, ఆ ఆరుగురూ ఏమయ్యారన్నది శాతం కంటే పెద్ద ప్రశ్న. మన వైపు జవాబు ఎక్కువగా చెరువు గట్టు మీదో రొయ్యల షెడ్డులోనో దొరుకుతుంది.

ఆడపిల్లని హైస్కూలు దాకా పంపాలంటే దూరం కదండీ?

దూరమే. కానీ 2025లో ఆడపిల్లలు 84.09 శాతం పాసయ్యారు, మగపిల్లలు 78.31. చదువు బాగా సాగుతున్న పిల్లనే దూరం పేరుతో ఆపేస్తున్నామన్నమాట. కందుకూరి వీరేశలింగంగారు 1874లో ఆడపిల్లల బడి పెట్టింది మన ధవళేశ్వరంలోనే. నలుగురైదుగురు పిల్లలు కలిసి సైకిళ్ళ మీద వెళ్ళేలా తల్లులు మాట్లాడుకుంటే సగం భయం పోతుంది. మా ఊళ్ళో అలాగే చేశారు, మూడేళ్ళలో ఒక్క పిల్లా మానలేదు.

తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా?

ఇప్పుడు ప్రభుత్వ బళ్ళలోనూ ఇంగ్లీషు మీడియం ఉంది. 2020–21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలొస్తున్నాయి. కాబట్టి ఇంగ్లీషు కోసమే బస్సెక్కించాల్సిన పని లేదు. నా అనుభవంలో తెలుగు ధారాళంగా చదివే పిల్లాడికి ఇంగ్లీషు చదవడం ఒక ఏడాది పని. రెండూ రాక మధ్యలో వేలాడే పిల్లాడిని ఒడ్డున పడేయడానికి నాకు మూడేళ్ళు పట్టిన రోజులున్నాయి.

తల్లికి వందనం డబ్బులు ప్రైవేటు బడికి పంపినా వస్తాయి కదా?

వస్తాయి. చదువుకునే పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఇది. 2025 జూన్‌లో మొదలైనప్పుడు ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు ప్రకటించి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేసి 2,000 బడి నిర్వహణకి ఉంచారు. ఏ బడి అన్న భేదం లేదు, హాజరు 75 శాతం ఉండాలి. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు కాబట్టి ఆ డబ్బు మీ చేతిలోనే మిగులుతుంది, అంతే తేడా.

వరదలొచ్చి పోయిన రోజుల చదువు ఎవరిస్తారండీ?

ఇది పట్నంలో ఎవరూ అడగని ప్రశ్న. మన లంకలకి మాత్రం ఏటా ఉండేదే.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాకముందే పల్లపు కాజ్‌వేలు మునిగి పిల్లలకి దారి ఆగిపోయే ఊళ్ళున్నాయి. అక్కణ్ణుంచి పడవే. పడవ మీద పిల్లల్ని పంపమని ఏ టీచరూ చెప్పకూడదు, పంపకూడదు కూడా.

2022 జూలై వరద నా సర్వీసులో ఆఖరుది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. బళ్ళు తెరిచి రెండు వారాలు కూడా కాలేదు. రిజిస్టర్లు ముందు బీరువా మీద పెట్టాం, రాత్రికి నీరు ఇంకా లేస్తోందంటే పక్క డాబా ఇంటి పైకి చేర్చాం. నీరు తీశాక గదిలో చీలమండల లోతు ఒండ్రు. పిల్లలు తడిసిన పుస్తకాలు తెచ్చి, గుంజకీ గుంజకీ మధ్య కొబ్బరితాడు కట్టి బట్టల్లాగా ఆరేశారు. ఆరిన పేజీలు అతుక్కుపోతే చీపురుపుల్లతో ఒక్కొక్కటీ విడదీశారు. రెండో తరగతి పిల్లకి అప్పటికి నేర్పిన వత్తులన్నీ ఎగిరిపోయాయి. మళ్ళీ గుణింతం నుంచి మొదలుపెట్టాం.

చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 వరకు 220. వరదలో పోయిన రోజులకి బదులు సెలవు రోజుల్లో బడి పెట్టమని బడి తల్లిదండ్రుల కమిటీ తరఫున అడగండి. తడిసిన పుస్తకాల బదులు కొత్తవి కావాలని వెంటనే మండల విద్యాశాఖాధికారికి రాయించండి, ఆలస్యమైతే స్టాకుండదు. బడిలో పునరావాస కేంద్రం పెడితే ఒక్క గదైనా పిల్లలకి వదలమని పట్టుబట్టండి. గట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్నప్పుడు కూడా రోజూ అరగంట పిల్లల్ని కూర్చోబెట్టి చదివించాం. పూర్తి పాఠం కాదు, కథలు చదివించడం, ఎక్కాలు. అలా చేసిన పిల్లలు తక్కువ మర్చిపోయారు.

చెరువుల దగ్గర పనికొచ్చినవాళ్ళ పిల్లల్ని మన బడిలో చేర్చుకోవచ్చా?

చేర్చుకోవాలి. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఏ బిడ్డనీ కాగితాల్లేవని వెనక్కి పంపడానికి వీల్లేదు. పుట్టిన తేదీ పత్రం లేకపోయినా, ఎప్పుడూ బడికి వెళ్ళకపోయినా వయసుకి తగ్గ తరగతిలో చేర్చి విడిగా నేర్పాలని చట్టంలోనే ఉంది. మోటారు షెడ్డు పక్కన తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చున్న పిల్ల కనబడితే ఆ తల్లితో ఒక్కసారి మాట్లాడండి. ఒకప్పుడు నా బడిలో అరవై దాటడానికి కారణమైన పిల్లలు ఇద్దరు అలా వచ్చినవాళ్ళే.

ప్రైవేటు బడి నుంచి తిరిగి తెద్దామంటే టీసీ ఇవ్వట్లేదు.

విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా వేరే బడికి మారడానికి అడిగితే టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకపోవడమూ కుదరదు. ఫీజు బకాయి గొడవ వేరు, బిడ్డ చదువు వేరు. ముందు బడిలో కూర్చోబెట్టండి, కాగితం తర్వాత వస్తుంది.

మధ్యాహ్నం భోజనం ఎలా ఉంటుందో అని బెంగ.

బెంగపడే బదులు ఒకరోజు చెప్పకుండా వెళ్ళి తినండి, మీకు ఆ హక్కుంది. ప్రైమరీ పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకి 150 గ్రాములు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ముద్దముద్దగా ఉందని పారబోసే అన్నం దాంతో తగ్గింది. ఈ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరుంది. ఆవిడ మన లంకల గన్నవరం ఇల్లాలు, 1909లో పోయేదాకా ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాళ్ళని ఏ వేళప్పుడూ తిప్పి పంపలేదంటారు. ఆవిడ పేరు పెట్టుకున్న కంచంలో సాంబారు పలచగా ఉంటే అడగాల్సింది ముందు మనమే.

కమిటీలో ఉన్నాను గానీ సంతకం పెట్టడం తప్ప ఏం చేయాలో తెలీదండీ.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్ళుండాలి. బడికి వచ్చే డబ్బుని, టీచర్ల హాజరుని, పిల్లల హాజరుని చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం దాని పని. తీర్మానం చదివించుకోకుండా సంతకం పెట్టకండి. చదవడం రాకపోతే ఐదో తరగతి పిల్లతో గట్టిగా చదివించుకోండి. మీకు విషయమూ తెలుస్తుంది, ఆ పిల్లకి చదువు ఎంతవరకు వచ్చిందో కూడా తెలుస్తుంది.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా తల్లిదండ్రుల మెగా సమావేశాలు జరిగాయి. అలాంటి రోజున ముగ్గుల పోటీ అయ్యాక వెళ్ళిపోకుండా టీచరు దగ్గర కూర్చుని మీ బిడ్డ నోటుపుస్తకం పేజీ పేజీ తిప్పండి. ఎర్రసిరా ఎక్కడ ఆగిపోయిందో చూడండి.

ప్రభుత్వ బడిలో చదివితే ముందుముందు ఏమైనా ఉపయోగముందా?

ఉంది, చాలామందికి తెలీదు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి నెగ్గితే ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్ళు స్కాలర్‌షిప్ వస్తుంది. అది ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకి అక్కడ అదనంగా 4 శాతం కలుపుతూ వచ్చారు. ఐదో తరగతిలో ఉన్న పిల్లకి పెద్దాపురం, పెదవేగి నవోదయ ప్రవేశపరీక్ష ఉంటుంది. ఈ దరఖాస్తులు గడువు దాటాక గుర్తొస్తాయి మనవాళ్ళకి. దసరా ముందు ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి హెడ్మాస్టరుగారిని అడిగి రాసిపెట్టుకోండి.

ఈ ఏడు చేర్చాలనుకుంటున్నాం. ఎప్పుడు రావాలి, ఏం తేవాలి?

బళ్ళు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. తల్లి ఆధార్, బిడ్డ ఆధార్, పుట్టిన తేదీ పత్రం, తల్లి బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు తెండి. ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లకి పాత బడి ఇచ్చిన రికార్డు షీటు తెండి. తల్లి గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మో తాతయ్యో రావచ్చు. ఇవేవీ లేకపోతే పిల్లని ఒక్కదాన్ని వెంటబెట్టుకుని వచ్చేయండి, పలక బడిలోనే ఇస్తారు.